సర్ది పట్టిన రోజు నుంచి దగ్గు తగ్గేదాకా: హైదరాబాద్ చలికాలానికి ఒక మార్గదర్శి

నవంబర్ చివరికొచ్చేసరికి నగరంలో ఏ మందుల షాపు ముందు నిలబడినా ఒకటే మాట: "అన్నా, సర్దికి మంచి గోలీ ఇయ్యి, రేపటికల్లా తగ్గాలె." అలాంటి గోలీ లేదు. జలుబు తెప్పించే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిని నేరుగా చంపే మందు ఇంకా రాలేదు. మన రోగనిరోధక శక్తే వాటిని వదిలిస్తుంది, అందుకు వారం నుంచి పది రోజులు తీసుకుంటుంది. ఈలోగా మన వంతు పని బాధ తగ్గించుకోవడం, అక్కర్లేని మందులు మింగకుండా ఉండడం, జలుబు జలుబుగానే ఉందా, దారి తప్పిందా అని కనిపెట్టుకుని ఉండడం. మొదటి రెండింటి గురించి సలహా ఇచ్చేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. మూడోది ఎవరికీ పట్టదు.

అందుకే అన్నిటికన్నా ముందు గొంతు గరగర మొదలైన తేదీని క్యాలెండర్ మీద పెన్నుతో రాసి పెట్టండి. డాక్టర్ మొదట అడిగేది "ఎన్ని రోజుల నుంచి?" అనే. "నాలుగైదు రోజుల్నుంచి సార్" అని మనం అలవాటుగా అనేస్తాం, లెక్కేస్తే రెండు వారాలు దాటి ఉంటుంది. ఈ వ్యాసంలో ప్రతి నిర్ణయం ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఇది జలుబేనా చూసుకోండి

జలుబు మెల్లగా వస్తుంది. మొదట గొంతులో గరగర, తర్వాత తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, ఒకటి రెండు రోజుల్లో ముక్కు దిబ్బడ, ఆ వెనక దగ్గు. పెద్దవాళ్ళకి జ్వరం రాకపోవచ్చు, వచ్చినా కొద్దిగానే ఉంటుంది.

ఫ్లూ ఇలా కాదు. పొద్దున బాగానే ఆఫీసుకి వెళ్ళిన మనిషి సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో దిగేసరికి వణికిపోతుంటాడు. 102 జ్వరం, తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు, పొడి దగ్గు. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది: వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి. గర్భిణులు, 65 దాటినవాళ్ళు, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇలాంటి లక్షణాలు కనిపించగానే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే దాని ఫలితం బాగుంటుంది. "రెండ్రోజులు చూద్దాం" అనే మన పద్ధతి జలుబుకి సరిపోతుంది, వీళ్ళ ఫ్లూకి సరిపోదు.

హైదరాబాద్‌లో నవంబర్ దాకా డెంగీ కేసులు కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి: జ్వరం బాగా ఎక్కువగా ఉండి, కళ్ళ వెనక నొప్పి, కీళ్ళ నొప్పులు ఉండి, ముక్కు మాత్రం కారకపోతే దాన్ని జలుబు ఖాతాలో వేయకండి. రక్త పరీక్ష చేయించుకోండి. అది తేలేదాకా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు, పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే మందుల షాపుల్లో దొరికే కొవిడ్ కిట్‌తో ఒకసారి చూసుకోవడం కూడా మంచిదే.

ఇక ప్రతి పొద్దునా వరసగా తుమ్ములు, కళ్ళ దురద, జ్వరం మాత్రం లేదు, వారాల తరబడి ఇదే వరస అంటే అది ఎలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. చలికాలం రాత్రుళ్ళు నేలకి దగ్గరగా ఉన్న గాలి చల్లబడిపోతుంది, దానిపైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, కట్టడాల దుమ్ము, ఊడ్చి తగలబెట్టిన ఆకుల పొగ ఆ మూత కిందే ఉండిపోతాయి. సనత్‌నగర్, బొల్లారం, పటాన్‌చెరు వైపు ఉండేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఎండ పడి నేల వేడెక్కాక గానీ ఆ గాలి కదలదు. సర్ది ఉన్నన్నాళ్ళూ, ఆస్తమా ఉన్నవాళ్ళయితే చలికాలమంతా, తెల్లవారుజామున కేబీఆర్ పార్కు నడకలు మానేసి ఎండ వచ్చాక వెళ్ళండి.

మొదటి మూడు రోజులు: ఇంట్లో ఉండండి

ఈ రోజుల్లోనే వైరస్ ఎక్కువగా పక్కవాళ్ళకి అంటుకుంటుంది. వీలైతే సెలవు పెట్టండి. వీలుకాకపోతే మాస్క్ వేసుకోండి, అది కొవిడ్‌తో పోయిన అలవాటు కానక్కర్లేదు. తువ్వాలు, గ్లాసు వేరుగా పెట్టుకోండి. ముక్కు చీదిన ప్రతిసారీ చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. చేతిరుమాలులో చీది దాన్ని జేబులో పెట్టుకుని రోజంతా తిరగడం కన్నా టిష్యూ వాడి పారేయడం నయం. జ్వరం ఉన్న పిల్లల్ని, యూనిట్ టెస్ట్ ఉన్నా సరే, బడికి పంపకండి.

జనవరిలో ఇంకో చిక్కు. నాంపల్లి నుమాయిష్, సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులు, రైళ్ళు, అన్నీ ఒకేసారి వస్తాయి. టికెట్ ముందే బుక్ చేసుకున్నాం కదా అని 102 జ్వరంతో రాత్రంతా ప్రయాణం చేసి, దిగగానే బామ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే ఆమెకి మనం తీసుకెళ్ళిన పండగ కానుక ఫ్లూ. భోగి మంటల్లో టైర్లు వేస్తే ఆ పొగకి దగ్గు ఇంకో వారం పొడుగవుతుంది. ఈ రెండు విషయాల్లో నేను మొహమాటం లేకుండా వద్దనే చెప్తాను.

ముక్కు, గొంతు

ముక్కు దిబ్బడకి అన్నిటికన్నా సురక్షితమైనది ఉప్పునీటి చుక్కలు. సెలైన్ నాసల్ డ్రాప్స్ అంటే ఏ షాపులోనైనా ఇస్తారు. రోజుకి నాలుగైదుసార్లు వేసుకోవచ్చు, పసిపిల్లలకీ వాడొచ్చు, పాలు పట్టేముందు వేస్తే పిల్లలు సుఖంగా తాగుతారు. జలనేతి (ముక్కులోకి నీళ్ళు పోసి కడుక్కోవడం) చేసే అలవాటున్నవాళ్ళు కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి. నల్లా నీళ్ళూ, ట్యాంకర్ నీళ్ళూ నేరుగా ముక్కులోకి పోయకూడదు. చాలా అరుదే అయినా మెదడుకి పాకే ప్రాణాంతకమైన అమీబా ఆ దారినే వెళ్తుంది.

దిబ్బడని వెంటనే విడగొట్టే చుక్కలు వేరే ఉంటాయి, వాటిలో జైలోమెటాజోలిన్ లేదా ఆక్సీమెటాజోలిన్ ఉంటుంది. రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది, చిక్కల్లా అక్కడే. ఐదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుపోతుంది. అప్పుడు మళ్ళీ చుక్కలు కావాలి. ఏడాది పొడవునా ఆ చిన్న సీసా జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. మూడు రోజులు, రాత్రి పడుకునేముందు మాత్రమే అని హద్దు పెట్టుకోండి.

ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, జలుబు తొందరగా తగ్గుతుందని మాత్రం అనుకోవద్దు. మరిగే గిన్నెని మంచం మీద, ఒళ్ళో, పిల్లల దగ్గర పెట్టకండి. గిన్నె ఒలికి కాలిన పిల్లలు ప్రతి చలికాలం ఆసుపత్రులకి వస్తుంటారు. బల్ల మీద పెట్టుకుని, పొయ్యి మీంచి దించిన కాసేపటికి, ఐదు నిమిషాలు పట్టండి. అందులో బామ్ వేయకపోయినా ఫలితం అంతే. రెండేళ్ళ లోపు పిల్లలకి కర్పూరం మూట కట్టి వాసన చూపించడం, ముక్కు దగ్గర బామ్ రాయడం మానేయండి. కర్పూరం వల్ల చిన్నపిల్లలకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

గొంతుకి గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం చాలు.

గోలీల లెక్క

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

జ్వరానికి, ఒళ్ళు నొప్పులకి పారాసిటమాల్. పెద్దవాళ్ళు 650 మిల్లీగ్రాముల గోలీ ఆరు గంటలకి ఒకటి చొప్పున రోజుకి నాలుగు దాటకుండా వేసుకోవచ్చు. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు డాక్టర్‌ని అడిగి ఇంకా తగ్గించాలి. 99 జ్వరానికి గోలీ అక్కర్లేదు. మనిషి నీరసంగా, బాధగా ఉంటే వేసుకోండి, థర్మామీటర్ అంకెను కిందికి దించడం కోసం కాదు.

అసలు ప్రమాదం ఎలా వస్తుందంటే, పొద్దున డోలో 650 వేసుకుంటారు. మధ్యాహ్నం ఆఫీసులో ఎవరో "జలుబు గోలీ" ఇస్తారు. రాత్రికి ఇంట్లో వేడి నీళ్ళలో కలుపుకునే పొడి ప్యాకెట్ ఉంటుంది. మూడిట్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. జలుబు గోలీల్లో చాలావాటిలో 325 లేదా 500 మిల్లీగ్రాములు కలిపే ఉంటుంది. తెలియకుండానే హద్దు దాటిపోతారు, దెబ్బ కాలేయానికి. స్ట్రిప్ వెనక్కి తిప్పి పేర్లు చదవండి. అక్షరాలు కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

అదే స్ట్రిప్ మీద ఇంకో రెండు పేర్లు కనిపిస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్ ముక్కు కారడం తగ్గిస్తుంది, నిద్ర మత్తు కూడా తెస్తుంది. వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడపకండి. రెండోది ఫెనైలెఫ్రిన్, ముక్కు దిబ్బడకని వేస్తారు. నోటితో మింగితే దానివల్ల ప్రయోజనం లేదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల కమిటీ తేల్చింది. బీపీ ఉన్నవాళ్ళకి ఇలాంటి మందులు బీపీ పెంచే అవకాశం ఉంది. అంటే జలుబు గోలీలో మనకి నిజంగా పనికొచ్చేది చాలాసార్లు ఆ పారాసిటమాలే, అది విడిగా ఇంకా చవకగా దొరుకుతుంది.

యాంటీబయాటిక్ సంగతి. "అజిత్రోమైసిన్ మూడు గోలీల కోర్సు వేసుకుంటే పోతుంది" అని షాపులోనే సలహా దొరుకుతుంది. జలుబు వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. తెమడ పచ్చగా, ఆకుపచ్చగా మారింది కాబట్టి ఇన్‌ఫెక్షన్ ముదిరిందనే నమ్మకం చదువుకున్నవాళ్ళలోనూ ఉంది. మూడో నాలుగో రోజుకి రంగు మారడం మామూలు జలుబులోనూ జరుగుతుంది, అది మన తెల్లరక్తకణాలు పని చేస్తున్న గుర్తు. రంగు చూసి కాదు, రోజులు చూసి, జ్వరం చూసి, ఊపిరి చూసి నిర్ణయించాలి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. పోయినసారి మిగిలిన రెండు గోలీలు డబ్బాలోంచి తీసి మింగడం దండగ, పైగా సూక్ష్మజీవులు ఆ మందుకి లొంగకుండా తయారవుతాయి.

సూది, గ్లూకోజు సీసా మోజు ఇంకో బెడద. బస్తీ క్లినిక్‌లో సూది వేయగానే సాయంత్రానికి లేచి తిరిగేవాళ్ళున్నారు, నిజమే. అది చాలాసార్లు నొప్పి మందో, స్టెరాయిడో అయి ఉంటుంది. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పిపెడుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ అమాంతం పెంచుతుంది. వేసే ముందు పేరు అడగండి, చీటీ మీద రాయించుకోండి. రాయనంటే వేయించుకోకండి. సెలైన్ అనేది నోటితో తాగలేని మనిషికి. తాగగలిగినవాళ్ళకి కాస్త ఉప్పు వేసిన మజ్జిగ ఓ లోటా, జావ, చారు అదే పని చేస్తాయి.

దగ్గు మందులు సీసాల కొద్దీ అమ్ముడుపోతాయి గానీ వాటి బలం అంతంతమాత్రం. పడుకునేముందు ఒక చెంచా తేనె చాలామందికి అంతకన్నా నయం. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె నాకించవద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

తిండి, నిద్ర, గది

తినాలనిపించింది తినండి. మిరియాల చారుతో వేడన్నం, అల్లం వేసిన టీ, శొంఠి కాఫీ, రాగి జావ, ఇడ్లీ. నాన్‌వెజ్ తినేవాళ్ళయితే నాటుకోడి పులుసు నీళ్ళగా, లేదా పాతబస్తీ వైపు చలికాలం పొద్దున్నే దొరికే పాయా. వేడి ద్రవం గొంతు దిగుతుంటే తెమడ పలచబడి ముక్కు కాస్త తెరుచుకుంటుంది. అంతకుమించి వాటిలో మహత్యం ఏమీ లేదు, అయినా నోటికి రుచి తెలియని రోజుల్లో మిరియాల చారుని మించింది లేదని నా పక్షపాతం. పెరుగు తింటే, పాలు తాగితే, అరటిపండు తింటే కఫం పెరుగుతుందన్నదానికి ఆధారం లేదు. పడితే తినొచ్చు. కషాయం మాత్రం రోజుకి ఒకటి రెండుసార్లు చాలు. గంటకోసారి మిరియాలు, శొంఠి మరిగించి తాగితే కడుపులో మంట మొదలవుతుంది. బీపీ ఉన్నవాళ్ళు అతిమధురం ఎక్కువ వాడకూడదు.

నీళ్ళు సరిపోతున్నాయా లేదా అని మూత్రం చూసుకోండి. ముదురు పసుపుగా ఉంటే ఇంకా తాగాలి.

తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి, దగ్గు తగ్గుతుంది. గదిలో దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి వద్దు. బదులుగా దోమతెర. సిగరెట్ మాట చెప్పక్కర్లేదు. చలికి భయపడి అన్ని కిటికీలూ బిగించి నలుగురూ ఒకే గదిలో పడుకుంటే వైరస్ నలుగురికీ పంచుకున్నట్టే. మధ్యాహ్నం ఎండ పూట ఓ గంట కిటికీలు తెరవండి.

చిన్నపిల్లలు ఉంటే

పారాసిటమాల్ సిరప్ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకి 100 నుంచి 150. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకి 120 ఉంటే ఇంకోదాంట్లో 250 ఉంటుంది కాబట్టి "ఒక మూత" లెక్క పనికిరాదు, సీసా మీద చూసి సిరంజితో కొలవండి. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు.

క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళ లోపువాళ్ళకి దగ్గు, జలుబు మందులు రాయనే కూడదని, ఐదేళ్ళ లోపు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ మళ్ళీ హెచ్చరించింది. పక్కింటి పాపకి రాసిన సీసా మన బాబుకి పోయకండి.

పిల్లల్లో చూడాల్సింది ఊపిరి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పొట్ట కదలికలు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. ఈ అంకెకి చేరినా, దాటినా నెమ్ము చేసి ఉండొచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతుంటే, పెదాలు నీలంగా మారితే, పిలిచినా మత్తుగా ఉంటే లెక్కపెట్టే పని కూడా వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లలకి ప్రత్యేకించి ఉన్నది నీలోఫర్. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం వస్తే వేరే లక్షణం ఏదీ లేకపోయినా అదే రోజు చూపించాలి.

క్యాలెండర్ ఏం చెప్తోంది?

ఐదో రోజుకి జ్వరం ఉండకూడదు, ముక్కు కాస్త తేలికపడాలి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి. తగ్గినట్టే తగ్గి ఆరో రోజో ఏడో రోజో మళ్ళీ జ్వరం, ముఖం ఒక పక్క నొప్పి, లేదా ఛాతీలో పోటు వస్తే ఇంకా తొందరగా వెళ్ళాలి. వైరస్ వెనకాల బ్యాక్టీరియా చేరిందనడానికి నమ్మదగిన గుర్తు ఇది. యాంటీబయాటిక్ అవసరమేమో డాక్టర్ చూడాల్సింది అప్పుడు. పది రోజులు దాటినా ముక్కు దిబ్బడ, ముఖంలో బరువు ఏమాత్రం తగ్గకపోతే సైనస్ చూపించుకోవాలి.

కొవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) అలమరలో ఉంటే బ్యాటరీ మార్చి బయటికి తీయండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు పెట్టాలి. 95, ఆపైన ఉంటే సరే. 94కి వస్తే డాక్టర్‌తో మాట్లాడండి. 92కి దిగితే ఆసుపత్రికి బయల్దేరండి. మాట్లాడుతుంటే ఆయాసం, ఛాతీ నొప్పి, తెమడలో రక్తం, మనిషి తికమకగా మాట్లాడడం కనిపిస్తే అంకెతో పని లేదు, 108కి ఫోన్ చేయండి.

మామూలు జ్వరానికి, దగ్గుకి పెద్ద ఆసుపత్రి దాకా పోనక్కర్లేదు. పగటిపూట దగ్గర్లోని బస్తీ దవాఖానకి వెళ్ళండి, చూడడం, మందులు ఉచితం. జ్వరం తేలకపోతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, ఊపిరితిత్తుల సమస్యకి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు వాడిన గోలీల స్ట్రిప్‌లన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, పేర్లు గుర్తు చేసుకునే బాధ తప్పుతుంది.

జ్వరం, జలుబు పోయాక కూడా పొడి దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చు. మనిషి హుషారుగా ఉండి, దగ్గు రోజురోజుకీ తగ్గుతుంటే కంగారు లేదు. కానీ దగ్గు రెండు వారాలు దాటిందంటే తెమడ పరీక్ష ఒకటి చేయించుకోండి, బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం కాస్తున్నా, రాత్రి చెమటలు పడుతున్నా తప్పనిసరిగా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. టీబీ పేరు చెప్తే నలుగురూ ఏమనుకుంటారో అని నెలలు గడిపేవాళ్ళు ఇంట్లో పిల్లలకి అంటిస్తారు. పరీక్షలో ఏమీ లేదని తేలి, రాత్రుళ్ళు పిల్లికూతలు వస్తూ దగ్గు సాగుతుంటే ఆస్తమా ఉందేమో చూపించండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందనే భయం అక్కర్లేదు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి గోలీ కన్నా తక్కువ మోతాదు సరిపోతుంది.

వ్యాయామం జ్వరం పోయిన వెంటనే కాదు, మెట్లు ఎక్కినా ఆయాసం రావట్లేదని తేలాక, మొదట సగంతో మొదలుపెట్టండి. ఇంట్లో 65 దాటినవాళ్ళు, గర్భిణులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ని అడగండి. వైరస్ రూపం మార్చుకుంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి, వేయించుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. అంటే నుమాయిష్ మొదలయ్యాక కాదు, దసరా దీపావళి రోజుల్లోనే ఆ పని అయిపోవాలి.